మైకక్క ఆపని మైకు

ఊళ్ళో ఎవరు నలుగురికీ వినపడేలా మాట్లాడాలన్నా ముందు మైకక్క కొట్టు మెట్లెక్కాల్సిందే. పెళ్ళయినా, ఆటల పోటీలయినా, కార్మికుల సమ్మె అయినా, ఓట్ల ప్రచారమైనా సరే. బస్టాండు వెనక సందులో, భర్త బట్టలు కుట్టే గదికి ఆనుకుని ఉన్న ఇరుకు గది అది. గోడల నిండా బాకా స్పీకర్లు, మేకులకు చుట్టలుగా వేలాడే వైర్లు, బల్ల మీద మూతలు విప్పిన ఆంప్లిఫయర్లు, వాటి మధ్య ఎప్పుడు పోసుకుందో మరిచిపోయిన టీ గ్లాసు. పక్కగదిలో ఆమె భర్త రోజంతా మిషను తొక్కుతూ ఉంటాడు. కొలతలకొచ్చిన వాళ్ళతో సైతం "చెయ్యెత్తండి", "తిరగండి" తప్ప ఇంకో మాట ఆడని మనిషి. ఆ ఇంటికి రాసిపెట్టిన గొంతంతా ఆవిడే వాడేసిందని, ఆయనకు సూదీ దారమే మిగిలాయని సందులోవాళ్ళు నవ్వుకునేవారు. ఆ మాట విని ఆయనా నవ్వేవాడు, చప్పుడు లేకుండా.

ఈ పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన తోపుడు బండి మీద బాకా కట్టుకుని, ఊళ్ళోకి సర్కస్ వచ్చిందనీ, రేపు కుళాయిలు రావనీ, ఫలానా వాళ్ళ పాప తప్పిపోయిందనీ వీధివీధీ తిరిగి చెప్పేవాడు. ఏళ్ళ తరబడి బాకా పక్కనే నిలబడడంతో ఆయన చెవులు మెల్లగా దెబ్బతిన్నాయి. మైకు కీచుమంటున్నా తెలిసేది కాదు. బడికెళ్ళే కూతురు బండి పక్కన నడుస్తూ, కీచు మొదలవగానే మీట తిప్పేది. అలా మీట తిప్పిన చేతికే చివరికి కొట్టు తాళాలు వచ్చాయి. ఆడపిల్ల నిచ్చెనెక్కి స్తంభాలకు బాకాలు కట్టడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళు, ఆమె కట్టిన స్పీకరు గాలివానకు కూడా కదలకపోవడం చూసి ఊరుకున్నారు. ఆ ఇంట్లో పంపకం కూడా విచిత్రంగానే జరిగింది. తండ్రి బాకాలు అక్కకు, తల్లి తరఫు గొర్రెలు తమ్ముడికి.

తండ్రి ఆమెకు చెప్పింది ఒక్కటే. "మైకు మనదే. మాట మనది కాదు. ఎవరు పుచ్చుకుంటే వాళ్ళది." ఆమె ఆ మాట జవదాటలేదు. పొద్దున ఒక పార్టీకి కట్టిన స్టేజీ మీదే సాయంత్రం దానికి గిట్టని పార్టీకి కట్టేది. తను మాత్రం మైకు ముందు "హలో... హలో... వెనకున్నవాళ్ళకి వినపడుతోందా?" అన్నదానికి మించి ఒక్క ముక్క మాట్లాడి ఎరగదు.

అలాంటి మనిషిని టెలిస్కోపు వచ్చి నడివీధిలో నిలబెట్టింది.

ఊరికి ఎగువన రెండు కొండలున్నాయి, ఒకదాని వీపు వెనక ఒకటి. ముందున్న కొండ నెత్తి చదునుగా ఉంటుంది. అక్కడంతా పచ్చిక, ఆ పచ్చిక నడుమ ఒక ఊట. ఎండలు ముదిరితే ఎగువ వీధి గొర్రెలన్నీ ఆ పచ్చిక మీదే బతుకుతాయి, ఎగువ వీధి కుండలన్నీ ఆ ఊట నీళ్ళతోనే నిండుతాయి. సరిగ్గా అక్కడే, ఆ చదును మీదే, ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపుల్లో ఒకటి కడతామని శాస్త్రవేత్తలు వచ్చారు. దాని అద్దమే బడి భవనమంత వెడల్పుంటుందట. "అంత అద్దంలో ముఖం చూసుకునే రాక్షసుడెవడో!" అని బజారులో మొదట జోకులు వేసుకున్నారు. తర్వాత జోకులు ఆగిపోయాయి. టెలిస్కోపు వస్తే రోడ్డు వస్తుంది, లాడ్జీలు వస్తాయి, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి అన్నారు దిగువ బజారువాళ్ళు. పచ్చికకు కంచె వేసి ఊటను మట్టితో కప్పేశాక ఆ రోడ్డు మీద మేమేం మేపుకోవాలి అన్నారు ఎగువ వీధివాళ్ళు. వెనక కొండ మీద కట్టుకోవచ్చు కదా అంటే, అది పనికిరాదని తమ నివేదికలో ఉందన్నారు శాస్త్రవేత్తలు. గోడలన్నీ నినాదాలతో నిండిపోయాయి. ఒకే బల్ల మీద టీ తాగేవాళ్ళు రెండు బల్లలకు విడిపోయారు.

ఎగువ వీధికి నాయకుడు మైకక్క తమ్ముడు. కొండ మీద, శాస్త్రవేత్తలు వేసుకున్న శిబిరంలో, పనిచేసేది మైకక్క కూతురు.

ఆ పిల్ల భౌతికశాస్త్రం చదివింది. శిబిరంలో దాని పని గాలి నిలకడ కొలవడం. గాలి కదిలితే నక్షత్రం వణుకుతుంది, అది ఎంత వణికితే టెలిస్కోపుకు అంత చేటు. అందుకని చిన్న దూరదర్శినితో నక్షత్రాల వణుకు కొలిచి రాసేది. అసలు ఆ కొండ మీదికి దాన్ని మొదట తీసుకెళ్ళింది శాస్త్రవేత్తలు కాదు, మేనమామే. నడక రాని వయసులో భుజాన వేసుకుని మంద వెంట తిప్పేవాడు. "నా కోడలు గొర్రెల్ని లెక్కపెట్టడం కంటే ముందు చుక్కల్ని లెక్కపెట్టింది" అని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మామా కోడళ్ళ మధ్య మాటల్లేవు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒక మధ్యాహ్నం శిబిరం జీపు కొండ మలుపు తిరుగుతుంటే ఎగువ వీధివాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. కేకలు, తోపులాట, ఎక్కడినుంచో ఒక రాయి. జీపు పక్క అద్దం పగిలి లోపల కూర్చున్న పిల్ల నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి కారుతుంటే చున్నీ అదిమిపెట్టుకుని ఆసుపత్రికొచ్చింది. కుట్లు పడ్డాయి. పోలీసులు కేసు రాశారు గాని, రాయి ఎవరు వేశారో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎరిగినవాళ్ళూ ఎరగనివాళ్ళూ అందరూ చూసిపోయారు. మేనమామ మాత్రం ఆసుపత్రి ఛాయలకు రాలేదు. అది మైకక్క మనసులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

చివరికి ప్రభుత్వం బహిరంగ విచారణ పెట్టింది. ఇరుపక్షాలూ విచారణాధికారిణి ముందు చెప్పుకోవాలి, ఆమె తేల్చాలి. బడి ఆవరణలో సభ. మైకు, మామూలే, మైకక్కది.

విచారణకు ముందురోజు మున్సిపల్ ఛైర్మన్ స్వయంగా కొట్టుకు వచ్చాడు. దిగువ బజారులో సగం అతని మాట మీద నడుస్తుంది. కుర్చీ చూపించినా కూర్చోకుండా, వేలాడుతున్న వైర్లను వేలితో మీటుతూ మాట్లాడాడు.

"ఏమ్మా మైకక్కా, రేపటికి అంతా సిద్ధమేనా?"

"సిద్ధమే ఛైర్మన్ గారూ. స్టేజీ మీద ఒక మైకు, జనంలో ఒక మైకు. వినపడకపోతే అప్పుడడగండి నన్ను."

"వినపడదని కాదు నా బెంగ. వినపడుతుందనే." నవ్వాడు. "మీ తమ్ముడి నోరు నీకు తెలియనిదా? లేచాడంటే జనం ఊగిపోతారు. మిషన్లన్నాక ఏదో ఒక రోగం వస్తుంటుంది కదా. వైరు లూజవుతుంది, ఇంకేదో పోతుంది..."

"నా వైర్లు లూజవవండి."

"అవ్వాలంటే అవుతాయమ్మా. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటాను. నీకది చాలు." మెట్లు దిగబోతూ ఆగి, గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి తల పగలగొట్టింది వాళ్ళే కదా. వాళ్ళ గొంతు నువ్వెందుకు మొయ్యాలి, చెప్పు?"

అతను వెళ్ళాక కూడా ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. పాడైన మీటకు టంకం వేద్దామని కూర్చుని, వేసిన చోటే రెండుసార్లు వేసింది.

పొద్దు వాలుతుండగా తమ్ముడు వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆ గడప తొక్కడం. గడ్డం మాసి ఉంది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపు నేను మాట్లాడేటప్పుడు మైకు ఆపేస్తావట కదక్కా?"

"ఎవరన్నారు?"

"బజారంతా అంటున్నారు. ఛైర్మన్ వచ్చి వెళ్ళాడటగా."

మైకక్కకు ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డ నుదుటికి కుట్లు పడితే చూడ్డానికి రాలేదురా నువ్వు! నీ కాళ్ళకి అప్పుడు దారి తెలియలేదు. మైకు సంగతి వినగానే తెలిసిందా? ఇన్నాళ్ళలో మైకు ఆపానా నేను, ఎవరికైనా?"

అతను తల దించుకున్నాడు. గుమ్మం చెక్కను గోటితో గీకాడు.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావక్కా?"

"అదేం మాట?"

"ఆ రాయి వేసింది నేనే."

పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"అది లోపలుందని తెలియదక్కా. నాకు డ్రైవరొక్కడే కనపడ్డాడు. అద్దం పగిలితే భయపడి వెనక్కి తిప్పుతారనుకున్నాను. అంతే. అది తలుపు తీసుకుని దిగాక... దాని ముఖం చూశాక..." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నేను వెనక్కి పారిపోయాను. నా కోడలు రక్తం కారుతూ నిలబడితే, పారిపోయాను."

మైకక్క చేతిలో వేడిగా ఉన్న టంకం కడ్డీ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

"బయటికి పో," అంది.

"అక్కా..."

"పొమ్మన్నానా? నా కళ్ళెదుట నిలబడకు."

అతను మెట్లు దిగి సందు మలుపు తిరిగాక, భర్త తలుపు దగ్గరికొచ్చాడు. చొక్కా మీద దారం పోగులు, మెడలో కొలత టేపు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అమ్మాయికి చెప్తావా?" అన్నాడు.

"ఏమో. నాకేం తోచడం లేదు."

"రేపటి దాకా ఆగు. ఇవాళ చెప్తే అది సభలో కూర్చోలేదు." ఆయన ఒక్క విడతలో అన్ని మాటలనడం ఆమె విని చాన్నాళ్ళయింది.

భోజనాల దగ్గర కూతురి ముఖంలోకి చూడలేకపోయింది. నుదుటి మీద కుట్లు విప్పిన చోట చర్మం ఎర్రగా, పలచగా మెరుస్తోంది.

"రేపు నువ్వు స్టేజీ ఎక్కకపోతే ఏమవుతుందే?"

"కొలతల గురించి అడుగుతారమ్మా. కొలిచింది నేనైతే ఇంకొకళ్ళెలా చెప్తారు?"

"ఇంకో రాయి పడితే?"

"పడితే పడింది. స్టేజీ మీదైతే నువ్వు ఎదురుగానే ఉంటావు కదా. ఎవరు వేశారో ఈసారి చూడొచ్చు," అని పిల్ల తేలిగ్గా నవ్వింది. తల్లి నీళ్ళు తాగే నెపంతో లేచి వంటగదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి ఊరికే నిలబడింది.

మరునాడు బడి ఆవరణ ఇసకేస్తే రాలనంత జనంతో నిండింది. నడుమ తాడు కట్టి, ఒకవైపు దిగువ బజారువాళ్ళను, మరోవైపు ఎగువ వీధివాళ్ళను కూర్చోబెట్టారు. గోడ పొడుగునా లాఠీలతో పోలీసులు. స్టేజీ మీద విచారణాధికారిణి, పక్కన నెరిసిన జుట్టుతో ముఖ్య శాస్త్రవేత్త, ఆ చివర కూతురు. మొదటి వరసలో ఛైర్మన్. స్టేజీకి ఒక పక్కన, చెట్టు నీడలో బల్ల వేసుకుని మైకక్క కూర్చుంది. బల్ల కింద ఎప్పుడూ ఉండే బ్యాటరీ, పక్కన భర్త. ఆయన సభలకు రాడు. ఆవేళ కొట్టుకు తాళం వేసి, ఏమీ చెప్పకుండా వెంట వచ్చాడు.

ముఖ్య శాస్త్రవేత్త మెత్తటి గొంతుతో మాట్లాడాడు. విశ్వంలో మొదటి వెలుగు గురించి, ఆ వెలుగు ఇన్ని యుగాలు ప్రయాణం చేసి మన కొండ మీద దిగడం గురించి. మంచి మనిషిలానే ఉన్నాడు. కాని ఆయన ఒక్కసారి కూడా ఎగువ వీధివైపు తిరగలేదు, ఎదురుగా ఉన్న కాగితాలకే చెప్పుకున్నాడు. "వెలుగు దిగితే గొర్రెలకి కడుపు నిండుతుందా?" అని ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో సరదా లేదు.

తర్వాత తమ్ముడు లేచాడు. జనంలోని మైకు అతని చేతికొచ్చింది. మైకక్క బొటనవేలు దానంతటదే మీట మీదికి వెళ్ళింది.

"మా తాతలు ఆ కొండ మాదని కాగితం రాయించుకోలేదు," అని మొదలుపెట్టాడు. "కొండ కూడా మేం దానివాళ్ళమని కాగితం అడగలేదు. ఎండాకాలంలో గొర్రెపిల్ల నాలుక ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చూశారా అండీ? ఎండిపోయిన ఆకులా ఉంటుంది. దాన్నెత్తుకుని ఆ ఊట దగ్గర దింపితే..."

అతనికి మాట వచ్చు. ఎగువ వీధి వైపు జనం ముందుకు వంగడం, వాళ్ళ భుజాలు బిగుసుకోవడం మైకక్కకు కనపడుతోంది. ఛైర్మన్ కళ్ళజోడు తీసి, జేబురుమాలుతో నింపాదిగా తుడుచుకున్నాడు.

వేలు మీట మీదే ఉంది. ఒక్క తిప్పు. ఎవరికీ తెలియదు. మిషనుకు రోగమొచ్చిందంటే ఊరు నమ్ముతుంది. స్టేజీ చివర కూతురి నుదురు ఎండలో మెరుస్తోంది. ఆ నుదుటి మీద రాయి వేసిన చెయ్యే ఇప్పుడు తన మైకు పట్టుకుంది. ఆ గొంతు నేనెందుకు మొయ్యాలి? ఒక్క క్షణం ఆమెకు నిజంగానే తిప్పేయాలనిపించింది. తండ్రి మాట కూడా ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చింది వేరే. ఆపేస్తే తమ్ముడి నోట్లో మిగిలిపోయే మాట ఎక్కడికి పోతుంది? అవతల కూర్చున్న వాళ్ళ చేతుల్లోకే కదా.

మీట మీంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ఛైర్మన్ ఇటు చూశాడు. కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. ఆమె కదల్లేదు. అప్పుడతను మెడ తిప్పి బడి వరండా వైపు చూశాడు. అక్కడ మెయిన్ స్విచ్ పెట్టె దగ్గర అతని మనిషి ఒకడున్నాడు.

ఆంప్లిఫయర్ మీద ఎర్రదీపం ఆరిపోయింది. తమ్ముడి మాట మధ్యలో తెగింది.

మొదట నిశ్శబ్దం. తర్వాత ఎవరో, "మైకు ఆపేశారు!" అన్నారు. ఇంకెవరో, "మైకక్క అమ్ముడుపోయింది!" ఆ కేక గడ్డికి నిప్పంటుకున్నట్టు వెనక వరస దాకా పాకింది. అంతా ఒక్కసారి లేచారు. తాడు తెగింది. ఒక కుర్చీ గాల్లోకి లేచి స్టేజీ ముందు పడి విరిగింది. పోలీసులు గోడ నుంచి కదిలారు. స్టేజీ మీద అధికారిణి చేతులూపుతూ ఏదో చెబుతోంది, ఆమె పెదవులే కనపడుతున్నాయి. వంగి, బడి తోట గట్టున పేర్చిన రాళ్ళు అందుకుంటున్న చేతులు మైకక్కకు స్పష్టంగా కనపడ్డాయి. కూతురు లేచి నిలబడింది గాని వెనక్కి పోలేదు.

"ఏవండీ, బ్యాటరీ!"

ఆయన అప్పటికే బల్ల కిందికి దూరాడు. ఎవరో బల్లను తన్నారు. ఆంప్లిఫయర్ జారిపోతుంటే ఆమె ఒడిలోకి పట్టుకుని నేల మీద కూలబడింది. ఆయన బ్యాటరీని రొమ్ముకు అదుముకుని, వచ్చిపడే కాళ్ళకు వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడు. ఆమె క్లిప్పు తగిలించబోతే నిప్పురవ్వ లేచి వేలు కాలింది. రెండోసారికి పట్టుకుంది. బ్యాటరీతో అన్ని బాకాలూ మోగవు. మిగిలిన వైర్లు పీకేసి చెట్టుకు కట్టిన ఒక్క బాకా ఉంచింది. ఎర్రదీపం వెలిగింది. స్టేజీ మైకు అందుబాటులో లేదు, బల్ల మీద ఉండే పాత మైకు ఒక్కటే ఉంది.

దాన్ని నోటి దగ్గర పెట్టుకుంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలిసిందే అంది.

"హలో. హలో. వినపడుతోందా?"

ఆ గొంతు ఊరికంతా తెలిసిందే. పరిగెడుతున్నవాళ్ళలో కొందరు తల తిప్పారు.

"నేను ఆపలేదు," అంది మైకక్క. గొంతు వణికింది, బాకా ఆ వణుకును కూడా పెద్దది చేసి వినిపించింది. "కరెంటు తీసేశారు. ఎవరు తీశారో వరండాలో చూసుకోండి, తర్వాత. మాట్లాడే మనిషి ఇంకా పూర్తి చెయ్యలేదు. అతన్ని పూర్తి చెయ్యనివ్వండి."

లేచి, వైరు లాక్కుంటూ జనంలోకి నడిచింది. ఆమె చీర చెంగు ఎవరి కాళ్ళ కిందో చిరిగింది. జనం దారి ఇచ్చారు, కొందరు కోపంగా, కొందరు సిగ్గుతో. తమ్ముడు ఎక్కడివాడక్కడే నిలబడి ఉన్నాడు, చచ్చిన మైకు చేతిలో పట్టుకుని. ఆమె తన చేతిలోది అతనికిచ్చింది.

"నా కూతురు స్టేజీ మీదుంది," అంది మెల్లగా. "ఇక నీ ఇష్టం."

అతను మైకు తీసుకున్నాడు. అతనేం చెబుతాడో ఆమెకు తెలియదు. ఒక్క మాట చాలు, ఆ రాళ్ళన్నీ లేవడానికి. ఆమె అతని పక్కనే నిలబడింది.

"కూర్చోండి," అన్నాడు తమ్ముడు. "ఎగువ వీధివాళ్ళు ముందు కూర్చోండి. మీతోనే చెప్తున్నాను."

కొందరు కూర్చున్నారు.

"మొన్న మలుపు దగ్గర జీపు మీద రాయి వేసిందెవరని పోలీసులు వీధంతా తిరిగారు. మీరెవరూ చెప్పలేదు. నా మీద అభిమానం కొద్దీ చెప్పలేదు. అది నేనే."

గోడ దగ్గరి పోలీసులు అటు తిరిగారు.

"కొండ కోసం వేశాననుకున్నాను. నా కోడలికి తగిలింది. ఆ కొండ మొదట దానికి చూపించింది నేను. దాని నెత్తి పగలగొట్టిందీ నేనే." ఊపిరి తీసుకున్నాడు. "నేను వేసింది ఒక్క రాయి. ఇప్పుడు మీ చేతుల్లో ఎన్నున్నాయో నాకు కనపడుతోంది. అవి అటు స్టేజీ మీదికి పోతే ఎవరికి తగులుతాయో మీకేం తెలుసు? పడెయ్యండి. పడెయ్యని వాడు నా మనిషి కాదు. కొండ మాత్రం ఇవ్వం. ఆ మాట జైల్లోంచైనా చెప్తాను. రాయితో మాత్రం ఇక చెప్పను."

ఒక రాయి నేల మీద పడ్డ చప్పుడు వినపడింది. తర్వాత ఇంకోటి. తర్వాత చాలా.

మైకక్క స్టేజీ వైపు చూసింది. కూతురి ముఖం తెల్లగా పాలిపోయింది. మామయ్యను కాదు, ఆ పిల్ల తల్లిని చూస్తోంది. నీకు ముందే తెలుసు కదా అన్నట్టు. మైకక్క కళ్ళు దించుకుంది.

కరెంటు తిరిగి వచ్చాక విచారణ సాగింది. అధికారిణి ముఖంలో నెత్తురు చుక్క లేదు గాని గొంతు మాత్రం గట్టిగానే ఉంది. ఆమె మైకక్క కూతురిని అడిగింది, "వెనక కొండ పనికిరాదని నివేదికలో రాశారు. కొలిచింది మీరే. మీరేమంటారు?"

ముఖ్య శాస్త్రవేత్త, "దానికి నేను జవాబు చెప్తాను," అంటూ మైకు అందుకోబోయాడు. అధికారిణి ఆపింది.

కూతురు మైకు తీసుకుంది. మాట్లాడినప్పుడు మామయ్య వైపుగానీ, తల్లి వైపుగానీ చూడలేదు.

"ముందు కొండే మేలండి. అక్కడ గాలి నిలకడగా ఉంటుంది. ఇది నేను కొలిచిన మాట, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. కానీ వెనక కొండ పనికిరాదని మాత్రం నేను చెప్పలేను. అక్కడ ఎండాకాలమే కొలిచాం. చలికాలం రాకముందే పరికరాలు దించేశారు. కొలవని దాన్ని పనికిరాదని ఎలా అంటాం?"

"దించమన్నది నేనే," అన్నాడు ముఖ్య శాస్త్రవేత్త, కాగితాల్లోంచి తలెత్తి. "దారి లేదు, గడువు దగ్గర పడింది." ఆ ఒప్పుకోలు ఆయనకు తేలిక కాలేదని చూస్తేనే తెలుస్తోంది.

సభ ముగిసిందో లేదో పోలీసులు తమ్ముడిని జీపెక్కించారు. అతను ప్రతిఘటించలేదు. ఎక్కేముందు అక్క వైపు చూశాడు. ఆమె కాలిన వేలు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది.

ఆ సాయంత్రం కూతురు తల్లిని ఒక్కటే అడిగింది. "నిన్ననే తెలుసు కదమ్మా నీకు?"

"తెలుసు."

"తెలిసి కూడా ఆయన చేతికి మైకిచ్చావు."

"ఇచ్చాను. ఇవ్వకపోతే ఏం జరిగేదో ఆలోచించి ఇచ్చానని చెప్పను. అప్పుడు నాకు అదే తోచింది."

పిల్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తండ్రి ఆ తలుపు బయట చాలాసేపు కూర్చున్నాడు.

కేసు వెనక్కి తీసుకోమని ఎగువ వీధి పెద్దలు వచ్చి బతిమాలారు. కూతురు ఒప్పుకోలేదు. "మామయ్య అని వదిలేస్తే, రేపు ఎవరి తల పగిలినా ఎవరో ఒకరి మామయ్యే తేలతాడు," అంది. అతనికి కొన్ని నెలల శిక్ష పడింది. ఆ నెలలన్నీ మరదలు, తమ్ముడి భార్య, మైకక్క ముఖం చూడలేదు. మంద మేపడానికి మనిషిని పెట్టి పంపితే, వెనక్కి తిప్పి పంపింది. బజారులోనూ మర్యాద తగ్గింది. మెయిన్ స్విచ్ తీయించిన సంగతి బయటపడి ఛైర్మన్ తలదించుకోవాల్సి వచ్చింది గాని, మున్సిపాలిటీ సభలకు ఆ తర్వాత పొరుగూరి మైకే వచ్చేది. కొంతకాలం ఆమె కొట్టులో బాకాల మీద దుమ్ము తుడవడమే పనిగా ఉండేది. అటువాళ్ళకూ కాక ఇటువాళ్ళకూ కాక పోయానని ఒకటి రెండుసార్లు భర్త దగ్గర కంటతడి పెట్టుకుంది. "నా దగ్గర కుట్టు పని బోలెడుంది," అన్నాడాయన. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమె గుండీ కుడితే చొక్కా తొడుక్కోకముందే గుండీ ఊడుతుందని ఇద్దరికీ తెలుసు.

అధికారిణి తీర్పు ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. వెనక కొండ మీద ఒక చలికాలమంతా కొలవాలి, అప్పటిదాకా ముందు కొండ మీద గడ్డపార దిగకూడదు అంది. శిబిరంలో కొందరికి కూతురి మీద కోపం. ఆ చలికి వెనక కొండ మీద ఉండడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ పిల్లే వెళ్ళింది. కొలిచింది. ముందు కొండ అంత మేలు కాదని, అయినా పనికొస్తుందని రాసింది. దారి వేయడానికి ఆలస్యమయింది, టెలిస్కోపు అనుకున్నదానికంటే కాస్త చిన్నదయింది. అక్కడే కడుతున్నారు.

శిక్ష అయిపోయి తమ్ముడు తిరిగొచ్చాక, మామా కోడళ్ళు ఎదురుపడింది వెనక కొండకు వేస్తున్న కొత్త దారిలో. అతను మందను పక్కకు తోలుకుని నిలబడ్డాడు, ఆమె జీపు ఆపించింది.

"నుదురు ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"చలికి లాగుతుంది మామయ్యా," అంది ఆమె. అంతే. కానీ మందంతా దాటేదాకా జీపు కదలనివ్వలేదు. ఈ సంగతి మైకక్కకు డ్రైవరు చెప్పాడు. ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

ఈమధ్య ఎగువ వీధివాళ్ళు మళ్ళీ ఆమె కొట్టుకు వచ్చారు. వెనక కొండకు సామాను మోసే లారీలు లేపే దుమ్ముతో పచ్చిక పాడవుతోందని సభ పెడతారట. వచ్చినవాళ్ళలో ముందు నిలబడింది మరదలు. మైకు కావాలని మాత్రం అంది, ముఖం పక్కకు పెట్టుకునే. ఆ సభకు ఛైర్మన్ మనుషులూ వస్తారా అని మైకక్క అడిగింది. "వస్తారు వదినా," అంది మరదలు. "వాళ్ళూ మాట్లాడతారట." మైకక్క నిచ్చెన వేసుకుని, గోడ మీంచి బాకాలు దించడం మొదలుపెట్టింది.